కానుగ నూనె ఒక్కడికే పూస్తే

ప్రొద్దుటూరు,
ఆదివారం.

పాపా,

ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాసి, మీ చిన్నాయన చేతికిచ్చి పంపుతున్నా.

బుడ్డోడికి వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు, పొద్దుగూకితే దురద అన్నావే, అది గజ్జి మాదిరే ఉంది. జమ్మలమడుగు పక్క పల్లెల్లో ముప్పై ఏళ్లు నర్సుగా తిరిగినదాన్ని, ఆ రాత్రి దురద నాకు బాగా తెలుసు. చర్మంలో బొరియ తవ్వుకునే సన్న పురుగు పని అది. మీ అత్త కానుగ నూనె పూస్తోందంటే ఆమెను తప్పు పట్టను, మా అమ్మా పూసింది. ఒక్క పిల్లోడికే పూస్తే మాత్రం పని కాదు. ఇంట్లో ఆరుగురుంటే ఆరుగురికీ ఒకే రాత్రి మందు పడాల, దురదే లేదనే మీ మామకు కూడా (ఆయన ఒప్పుకోడు, తెలుసు). డాక్టరు పర్మెత్రిన్ రాస్తే మెడ నుంచి అరికాలి దాకా పూసుకుని పొద్దున కడుక్కోండి, వారానికి మళ్లీ. బుడ్డోడికి తలకూ పూయాలేమో అడుగు. గుడ్డలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండేయండి, పులివెందులలో ఎండకేం కరువు. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదని రోజూ పూయొద్దు.

చెమటకాయలకు ముంజల తొక్క రుద్దుకో, ఆ చల్లదనం నాకూ ఇష్టమే. నల్లజీడి మాత్రం గడప తొక్కనీయొద్దు. నా పదో తరగతిలో మడమ పగుళ్లకు మా మేనత్త జీడి చమురు పెడితే బొబ్బలెక్కి, పరీక్షలకు కుంటుతూ పోయినా.

అక్కి లేస్తే కుమ్మరోళ్లతో ఎర్రమన్నుతో సింహం రాయిస్తామంటారు మీవాళ్లు. రాయించుకోనీ. అయితే అది ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ నరంలో దాక్కుని మళ్లీ లేవడం. మూడు రోజుల లోపల డాక్టరు మందు మొదలైతేనే బాగా పనిచేసేది. కంటి పక్కన లేస్తే ముందు ఆస్పత్రికే.

నిజం చెప్పాలంటే నాకు నాటు మందుల కంటే తామరకు అంగట్లో అడిగి తెచ్చుకునే ట్యూబులంటేనే భయం. స్టిరాయిడ్ కలిసిన ట్యూబు నాలుగు రోజుల్లో దురద ఆపుతుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. అట్లాంటి పూతమందులు చీటీ లేకుండా అమ్మగూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ఉత్తరం అందిన రోజే బుడ్డోన్ని ఆస్పత్రిలో చూపించు. మీ మామకు నేను ఫోన్ చేస్తా.

మీ పెద్దమ్మ