ఆబ్సెన్స్ మూర్ఛ: మందుకు గురి ఎక్కడ?

పాఠం వింటున్న పిల్లాడు పది సెకన్లు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టే మళ్లీ రాసుకుంటాడు. టీచర్ పరధ్యానం అనుకుంటారు. ఇది ఆబ్సెన్స్ మూర్ఛ కావచ్చు. ఈఈజీలో సెకనుకు సుమారు 3 స్పైక్-వేవ్‌లు కనిపిస్తాయి. థాలమస్, కార్టెక్స్‌ల మధ్య వలయం లయ తప్పడమే మూలం.

గాబా మెదడును శాంతపరిచే రసాయనం కదా, దాన్ని పెంచితే మూర్ఛలు తగ్గాలి. ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. థాలమస్‌లో సినాప్స్ వెలుపలి గాబా-ఎ గ్రాహకాల అతి చురుకుదనమే జబ్బుకు ఊతమని 2009లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిన జంతు అధ్యయనం చూపింది. గాబా-బి గ్రాహకాలను ప్రేరేపించే బాక్లోఫెన్ కూడా ఎలుకల్లో మూర్ఛలను పెంచింది. గాబాను పెంచే విగాబాట్రిన్, టియాగాబిన్ ఈ రోగులకు ఇవ్వనిది అందుకే.

తొలి ఎంపిక మందు ఎథోసక్సిమైడ్. దాని ప్రధాన గురి టి-రకం కాల్షియం చానళ్లు. పరీక్షలో ఈ మందు గురి ఏమిటని అడిగితే, ఆప్షన్లలో గాబా కనబడగానే టిక్ పెట్టకండి.