ఉపోసథం: యుద్ధ బాధితుల కోసం ఒక పూట



ఎక్కడో బాంబులు పడుతుంటే ఇక్కడ మనం ఒక పూట అన్నం మానేస్తే ఏం లాభం? దేవుణ్ణి నమ్మని మనం ప్రార్థన చేస్తే వినేదెవరు? చాలామంది ఉపాసకులు అడిగే ప్రశ్నలివి. న్యాయమైన ప్రశ్నలే. ఈ పాఠంలో జవాబు వెతుకుదాం.

1. ఆకలి గొప్ప కాదు

సిద్ధార్థుడు ఆరేళ్లు కఠోర తపస్సు చేసి, ఎముకలు తేలేదాకా తిండి మానేశాడు. దానివల్ల జ్ఞానం రాదని తెలుసుకుని సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. బుద్ధుడయ్యాక ఆళవిలో ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి, ఖాళీ కడుపుతో ఉపదేశం వినడానికి వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించి, తర్వాతే ధమ్మం చెప్పాడు.

కాబట్టి మన ఉపవాసం ఒళ్లు హింసించుకోవడం కాదు, మొక్కూ కాదు. ఉపోసథం నాడు అష్టశీలాలు తీసుకుంటాం. మధ్యాహ్నం దాటాక మర్నాడు తెల్లవారేదాకా భోజనం చేయకపోవడం అందులో ఆరవది. మొదటిది మాత్రం ప్రాణం తీయకపోవడం. మొదటిది మరిచిపోయి ఆరవది పాటిస్తే అది ఉత్త పస్తే.

2. ప్రార్థన కాదు, మైత్రి

మనం పైనున్న ఎవరినీ అడగం. మన మనసునే మార్చుకుంటాం. శత్రువు మనిషే కాదు అనుకున్నప్పుడే యుద్ధం మొదలవుతుంది. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి సిద్ధమైతే, సిద్ధార్థుడు సంఘంలో లేచి నిలబడి వద్దన్నాడని, ఇల్లు విడవడానికి అదే కారణమని బాబాసాహెబ్ అంబేద్కర్ ‘ది బుద్ధా అండ్ హిస్ ధమ్మ’లో రాశారు. అంటే మైత్రి నోరు మూసుకుని కూర్చోవడం కాదు.

3. కంబోడియా చెప్పిన పాఠం

1975 నుంచి 1979 వరకు ఖ్మేర్ రూజ్ పాలనలో కంబోడియాలో లక్షలాది మంది చనిపోయారు. భిక్కువుల చీవరాలు విప్పించారు, విహారాలు పాడుచేశారు. మన నలందలో చదువుకున్న భిక్కువు మహా ఘోసానంద అప్పుడు థాయిలాండ్‌లో ఉన్నారు. ఆయన కుటుంబం మొత్తం పోయింది. అయినా సరిహద్దులోని శరణార్థి శిబిరాలకు వెళ్లి, మెత్త సుత్తం ప్రతులు పంచారు. వినేవాళ్లలో ఖ్మేర్ రూజ్ మనుషులూ ఉన్నారు. వాళ్లకూ మైత్రే చెప్పారు.

అక్కడితో ఆగలేదు. 1992లో శరణార్థులు తిరిగి వస్తుంటే, వాళ్లతో కలిసి థాయి సరిహద్దు నుంచి నామ్‌పెన్ దాకా సుమారు నెల రోజులు నడిచారు. అదే ధమ్మయాత్ర. ఏటా సాగింది. 1994లో యాత్ర కాల్పుల మధ్య చిక్కుకుని ఒక భిక్కువు, ఒక సాధ్వి ప్రాణాలు కోల్పోయారు. తర్వాత కూడా నడక ఆగలేదు. మందుపాతరలు నిషేధించాలని ఆ నడకలోనే సంతకాలు సేకరించారు.

మొదట మనసులో మైత్రి, ఆ తర్వాత కాళ్లకు పని. ఇదీ వరస.

4. ఈ పున్నమికి మనం చేయాల్సింది

● ఉదయం అష్టశీలాలు తీసుకోండి. మధ్యాహ్నం లోపు భోజనం ముగించండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు, మందులు వాడేవాళ్లు మామూలుగా తినండి. వాళ్లకి మిగతా శీలాలు చాలు.

● రాత్రి భోజనానికి అయ్యే ఖర్చు పక్కన పెట్టండి. ఇంటిల్లిపాదివీ, విహారానికి వచ్చేవాళ్లందరివీ కలిపి శరణార్థులకు అన్నం, మందులు అందించే నమ్మకమైన సంస్థకు పంపండి. దానం లేని ఉపవాసం సగమే.

● సాయంత్రం అరగంట మైత్రీ భావన చేయండి. ముందు ఇల్లు కోల్పోయినవాళ్లను, తర్వాత రెండువైపులా చనిపోతున్న సైనికులను, చివరికి యుద్ధం చేయిస్తున్నవాళ్లను తలచుకోండి. చివరిది కష్టం. అందుకే సాధన అంటాం.

● ఆ రోజు ఫోన్‌లో యుద్ధాన్ని పొగిడే వీడియో, ఒక మతాన్నో దేశాన్నో తిట్టే మెసేజ్ ఫార్వర్డ్ చేయకండి. సమ్యక్ వాక్కు అంటే ఇదే. ఎవరైనా పంపితే తప్పని మెల్లగా చెప్పండి.

మన ఒక్క పూట ఆకలితో తుపాకులు ఆగవు. కానీ ఎవరో చనిపోతుంటే చప్పట్లు కొట్టే గుంపులో మనం ఒకరం కాకుండా ఆగుతాం. అన్నం లేని బిడ్డ కంచంలోకి మన కంచం నుంచి ఒక ముద్ద వెళ్తుంది.

చర్చించండి:
1. ఉపోసథానికీ మొక్కు ఉపవాసానికీ తేడా ఏమిటి?
2. హాని చేసినవాడిపై మైత్రి చూపితే, బాధితుడికి అన్యాయం చేసినట్టా?
3. మన ఊళ్లో రెండు వర్గాల మధ్య గొడవ వస్తే, రోహిణీ నది కథ మనకేం నేర్పుతుంది?

జై భీమ్. నమో బుద్ధాయ.