శిలగా మారిన వాయువు

శాపవశాన అహల్య శిలగా మారిందని మన కావ్యాలు చెబుతున్నాయి. కంటికి కనిపించని వాయువు శిలగా మారడం మాత్రం కావ్యకల్పన కాదు. ఐస్‌లాండ్ భూగర్భంలో జరిగిన యథార్థం.

బొగ్గు, పెట్రోలు వంటి ఇంధనాలను మండించినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు వాతావరణంలో పేరుకొని భూతాపాన్ని పెంచుతోంది. దానిని భూమిలో బంధించవచ్చు. కాని, బంధించిన వాయువు తిరిగి బయటకు రాదన్న నమ్మకమేమిటి? దీనికి సమాధానం వెదకడానికి 2007లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్సు జాతీయ శాస్త్ర పరిశోధన కేంద్రం, రెక్యవిక్ ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ చేతులు కలిపాయి. ఆ ఉమ్మడి కృషికి ‘కార్బ్‌ఫిక్స్’ అని పేరు.

2012 ఆరంభంలో హెల్లిస్‌హెయిది విద్యుత్ కేంద్రం సమీపాన 175 టన్నుల బొగ్గుపులుసు వాయువును నీటిలో కరిగించి, బావి ద్వారా భూమి లోతుల్లోకి పంపారు. అక్కడ ఉన్నది లావా గడ్డకట్టగా ఏర్పడిన బసాల్టు శిల. ఆమ్లగుణం పొందిన ఆ నీరు శిలను కొద్దికొద్దిగా కరిగించింది. శిలనుండి విడివడిన కాల్షియం ఆ వాయువుతో కలిసి కాల్సైట్‌గా, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజంగా, గడ్డకట్టింది.

భూగర్భంలోని ఈ మార్పు పైనున్నవారికి తెలిసేదెలా? వాయువుకు ఆనవాలుగా స్వల్పంగా కార్బన్-14 కలిపారు. సమీపంలోని పరిశీలన బావి నీటిని తోడి పరీక్షించగా, చేరవలసిన కర్బనంలో అత్యల్పభాగమే కనిపించింది. ఇంతలో ఆ బావిలోని పంపు ఆగిపోయింది. పైకి తీసి చూస్తే దానిపై కాల్సైట్ పేరుకొని ఉంది! పంపు చెడిపోవడమే ప్రయోగం ఫలించిందనడానికి సాక్ష్యమైంది. రెండేళ్లలోపే 95 శాతానికి పైగా వాయువు ఖనిజంగా మారిందని పరిశోధకులు 2016లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అంతకుముందు ఇందుకు వందల, వేల సంవత్సరాలు పడుతుందని భావించేవారు.

తెలంగాణలోని వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల్లోనూ దక్కన్ బసాల్టు శిలలున్నాయి. ఆ జాతి శిలల్లో వాయువును నిలువచేసే అవకాశాన్ని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అధ్యయనం చేసింది.

అయితే ఈ పద్ధతిలో ఒక టన్ను వాయువుకు సుమారు 25 టన్నుల నీరు కావాలి. ప్రపంచం ఏటా వదులుతున్నదో, 3,500 కోట్ల టన్నులకు పైమాటే. భూమి దాచుకుంటుంది కదా అని మానవుడు నిశ్చింతగా ఉండరాదు. పొగను తగ్గించడం ప్రథమ కర్తవ్యం. మిగిలినదాన్ని శిలకు అప్పగించడం ఆ తరువాతిది.

శబ్దార్థాలు
యథార్థం = నిజం
ఆనవాలు = గుర్తు
నిశ్చింత = విచారం లేకపోవడం

ప్రశ్నలు
1. వాయువు శిలగా మారిన విధానాన్ని వివరించండి.
2. పంపు చెడిపోవడం ప్రయోగానికి సాక్ష్యమెలా అయింది?
3. ఈ పద్ధతికిగల పరిమితులేవి?