గోన ఇంటి కథ ఎక్కడ మొదలుపెట్టాలి

చిరంజీవి బిడ్డకు, పాలమూరు నుంచి పెద్దనాన్న దీవించి రాసేది.

కాలేజీ పత్రికకు గోన గన్నారెడ్డి మీద వ్యాసం రాస్తున్నావని మీ నాన్న చెప్పిండు. మంచి పనే. 2015లో ‘రుద్రమదేవి’ సినిమా చూసినవాళ్లకు గన్నారెడ్డి అంటే అల్లు అర్జునే. అంతకుముందు తరానికి అడివి బాపిరాజు నవలలోని వీరుడు. రెండిటినీ సరదాకు చూసుకో, వ్యాసంలోకి మాత్రం రానీయకు. గోనవారు కాకతీయుల సామంతులు. వారి ఏలుబడికి కేంద్రం వర్ధమానపురం, అంటే ఇప్పుడు జనం శనేశ్వరుడి గుడికి పోయే నందివడ్డెమాన్.

గన్నారెడ్డిని కాసేపు పక్కన పెట్టి కుప్పాంబికతో మొదలుపెట్టు. ఆమె గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండ దండనాథుని ఇల్లాలు. మల్యాలవారు కూడా కాకతీయుల సేనానులే కాబట్టి ఈ పెళ్లితో రెండు బలమైన ఇండ్లు వియ్యమందాయి. భర్త పోయాక 1276లో ఆమె బూదపురంలో, అదే మన భూత్పూరులో, ఆయన పేర గుండేశ్వరుణ్ని నిలిపి శాసనం వేయించింది. పోయినవాళ్ల పేరు లింగానికి పెట్టడం ఆ కాలపు ఆచారం. ఆమె పద్యం ఒకటి పెదపాటి జగ్గన కూర్చిన ‘ప్రబంధరత్నాకరము’లో దొరుకుతుంది. తొలి తెలుగు కవయిత్రి ఈమేనని కొందరు, తాళ్లపాక తిమ్మక్క అని మరికొందరు అంటారు. ఆ తగవు నీకెందుకు?

తండ్రి సంగతి ఇంకా విశేషం. బుద్ధారెడ్డి తన తండ్రి విఠలుని పేర ద్విపదలో రంగనాథ రామాయణం చెప్పాడు. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచ, విఠలులు పూర్తిచేశారు. అసలు కవి రంగనాథుడనే మరొకడని వాదించిన పండితులూ ఉన్నారు, ఆ మాట ఒక్క వాక్యంలో రాసెయ్యి.

ఇక కత్తి పట్టిన గన్నారెడ్డి. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో గన్నారెడ్డి పక్షాన విఠలుడనే సేనాని ఆదవాని, తుంబుళం గెలిచి కృష్ణా తుంగభద్రల నడుమ సీమలోకి చొచ్చుకుపోయాడు. రాయచూరులో కోట కట్టించి 1294లో ఆ సంగతి రాతిమీద చెక్కించాడు. ఆ ఒక్క బండ పొడవే 41 అడుగుల పైచిలుకు! దాన్ని బండికెత్తి పశువులతో లాగించిన బొమ్మ కూడా గోడమీదే ఉంది. నన్నడిగితే ఏ బిరుదావళి కన్నా ఆ బొమ్మే ఎక్కువ చెబుతుంది.

కుప్పాంబిక పెళ్లి దగ్గర చెప్పిన వియ్యాల బలం మన దగ్గరే కాదు, బయటా ఉంది. జర్మనీలో సాక్సనీ, బవేరియాలను ఏలిన డ్యూక్ హెన్రీ, ‘సింహం’ అని పేరుపడ్డవాడు, 1180లో చక్రవర్తి ఆగ్రహానికి గురై పదవులు పోగొట్టుకున్నాడు. తలదాచుకున్నది ఎవరి దగ్గర? పిల్లనిచ్చిన మామ, ఇంగ్లండు రాజు రెండో హెన్రీ దగ్గర. బ్రౌన్‌ష్వైగ్ చర్చిలో ఆయన రాతి ప్రతిమ పక్కన భార్య మటిల్డా ప్రతిమ ఈనాటికీ ఉంది.

శాసనం చదివేటప్పుడు బిరుదుల దగ్గర ఆగిపోకు. శక సంవత్సరానికి 78 కలిపి కాలం తెలుసుకో. దానం ఎవరిచ్చారు, ఎవరి పుణ్యానికి ఇచ్చారు, పొలం హద్దులేమిటి అన్నవి రాసుకో. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన చిన్న శాసనం చూడు. కాకతీయ రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యానికి భూమి ఇచ్చానని చెప్పుకున్నాడు. రాణి 1289లో కన్నుమూసిందని మనకు తెలిసింది ఆ రాతివల్లే.

అక్షరాలు కనబడటం లేదని సుద్దగానీ పిండిగానీ రుద్దకు, రాయి పాడవుతుంది. పొద్దు ఏటవాలుగా పడే వేళ ఫోటో తీస్తే చాలు. వలిగొండ బి.ఎన్.శాస్త్రి పుస్తకాలు మా ఇంట్లో ఉన్నాయి, దసరా సెలవుల్లో వచ్చి తీసుకుపో. రాయచూరు ఇక్కణ్నుంచి మక్తల్ మీదుగా ఒక్కరోజులో పోయిరావచ్చు. మీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది.

నీ పెద్దనాన్న