ఎరువు వేసినా పాలకూర పాలిపోతోందేం?

ప్రశ్న: మూసీ నది నీటితో పాలకూర వేశాం. ఎరువులకు లోటు లేదు. అయినా మొలకల లేత ఆకులు పసుపెక్కుతున్నాయి. నీటిలోని లోహాల వల్లేనా?

జవాబు: కావచ్చు, కానీ ఆకు చూసి తేల్చలేం. ఇనుము, జింకు వేరులోకి వెళ్లే దారుల్లోనే కాడ్మియం అనే విషలోహమూ దూరుతుంది. ఆ పోటీలో ఇనుము వెనకబడితే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, మధ్యభాగం పసుపెక్కుతుంది. పైగా వేరు కొసలు దెబ్బతిని పీచువేళ్లు తగ్గుతాయి. ఇక ఎంత ఎరువు వేసినా అందుకునేదెవరు? సున్నపు నేలల్లోనూ ఇవే లక్షణాలుంటాయి కాబట్టి మట్టి, నీరు, ఆకు మూడూ పరీక్ష చేయించండి. ఆమ్ల నేలైతే సున్నం కాడ్మియాన్ని కొంత కట్టడి చేస్తుంది. అన్నట్టు, ఏపుగా పెరిగిన పాలకూరలోనూ కాడ్మియం ఉండొచ్చు. ఫలితం వచ్చేదాకా ఆ మడి కూర వండకండి, అమ్మకండి.