ముంగిలి బండలు

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటి ముందు, ఇంటి నడుమ పరచిన రాతిబండలనూ ఇటుకలనూ శుభ్రపరచే పని చూడటానికి చిన్నది. అయితే అందులో రసాయనశాస్త్రం ఉన్నది, పెద్దల అనుభవం ఉన్నది, ఆ పని చేసేవారి ఆరోగ్యం ఉన్నది. వస్తువు స్వభావాన్ని గ్రహించి దానిని సంరక్షించుకోవలసిన అవసరాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగువారి ఇంట దినచర్య ముంగిట్లో మొదలవుతుంది. సూర్యోదయానికి ముందే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టడం తరతరాలుగా వస్తున్న ఆచారం. మట్టి వాకిళ్లలో పేడనీటి కల్లాపి దుమ్మును అణచిపెట్టేది. కలిగినవారి ఇళ్ల ముందు బండలు పరచి ఉండేవి. కోస్తా జిల్లాలలోని పాతకాలపు మండువా లోగిళ్లలో ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ స్థలం ఉంటుంది. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన కప్పు మీది వాన నీరంతా అక్కడే పడుతుంది. ఆ నీరు నిలువకుండా తూము గుండా వెలుపలికి పోయేటట్లు ఆనాటి మేస్త్రీలు నేలకు వాలు పెట్టేవారు. పిల్లల ఆటలు, పెద్దల ముచ్చట్లు, వడియాల ఎండబెట్టడం, పెళ్లి పనులు అన్నీ ఆ నేల మీదనే సాగేవి.

ఇంతగా ఉపయోగపడే నేలను గురించి సాధారణంగా ఎవరూ ఆలోచించరు. రాయి కదా, దానికి ఏమవుతుందని అనుకుంటారు. కాని రాళ్లన్నీ ఒక్కటి కావు. తెలుగువారి ఇళ్లలో కనిపించే నేలబండలలో ఎక్కువభాగం నాపరాళ్లు. వికారాబాదు జిల్లా తాండూరు, నంద్యాల జిల్లా బేతంచెర్ల, కర్ణాటకలోని షాబాదు ఈ రాళ్లకు పేరుపొందిన ఊళ్లు. నల్లగా ఉండే కడప రాయి కూడా ఈ కోవలోనిదే. రంగులు వేరైనా ఇవన్నీ సున్నపురాతి జాతికి చెందినవి. వీటిలో ప్రధానంగా ఉండే పదార్థం కాల్షియం కార్బొనేట్. గ్రానైట్ అలాంటిది కాదు. అది భూగర్భంలోని శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన రాయి. మట్టిని కాల్చి చేసిన ఇటుక స్వభావం ఈ రెండింటికీ భిన్నం. కనుక బండలను శుభ్రం చేయబూనినవారు ముందుగా తెలుసుకోవలసినది తమ కాలి కింద ఉన్నది ఏ జాతి రాయి అన్న సంగతి.

పెళ్లికో పండుగకో ఇల్లు ముస్తాబు చేసేటప్పుడు తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. నల్లబడిన బండలను త్వరగా తెల్లగా చేయాలనే ఆతురతతో అంగడిలో దొరికే ఆసిడ్‌ను తెచ్చి నేల మీద కుమ్మరిస్తారు. బుసబుసమని నురగ పొంగుతుంది. మురికి వదులుతున్నదని చూసేవారు సంతోషిస్తారు. నిజానికి అక్కడ కరిగిపోతున్నది మురికి మాత్రమే కాదు, రాయి కూడా. ఆసిడ్‌లోని హైడ్రోక్లోరికామ్లం రాతిలోని కాల్షియం కార్బొనేట్‌తో కలిసినప్పుడు కాల్షియం క్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. పైకి వచ్చే బుడగలు ఆ కార్బన్ డయాక్సైడ్‌వే. కాల్షియం క్లోరైడ్ నీటిలో కరిగి కొట్టుకొనిపోతుంది. లెక్క ప్రకారం 73 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను హరించివేస్తుంది. ప్రయోగశాలలో విద్యార్థులు పరీక్షనాళికలో చూసే చర్యయే ఇక్కడ ఇంటి నేల మీద జరుగుతున్నది.

ఆసిడ్ పోసిన బండ కొద్ది రోజులు కొత్తదానివలె కనిపిస్తుంది. తరువాత దాని నునుపు పోయి గరుకుతేలుతుంది. ఆ గరుకులో దుమ్ము, జిడ్డు, పాచి మునుపటికంటె సులభంగా పట్టుకుంటాయి. ఆరు నెలలకు ఒకసారి నల్లబడే బండ మూడు నెలలకే నల్లబడుతుంది. అప్పుడు మళ్లీ ఆసిడ్ తెస్తారు. ఈ విధంగా శుభ్రత పేరిట రాయి క్షీణిస్తుంది. పోయిన పొరను తిరిగి తేవడం ఎవరికీ సాధ్యం కాదు. ఆసిడ్ మాత్రమే కాదు, నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ వంటి పుల్లని ద్రవాలు పడినా నాపరాయి మీద వెలిసిన మచ్చలు ఏర్పడతాయి. వాటిని వెంటనే నీటితో కడగడం మంచిది.

మరి బండలను శుభ్రం చేసేది ఎలా? ఈ పనిలో అత్యంత ముఖ్యమైన సాధనం చీపురు. దుమ్ములో ఉండే ఇసుక రేణువులు క్వార్ట్జ్ అనే ఖనిజానివి. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో క్వార్ట్జ్ స్థానం 7. నాపరాతిలోని కాల్సైట్ స్థానం 3 మాత్రమే. చెప్పుల కింద పడిన ఇసుక రేణువు బండను గీరుతూనే ఉంటుంది. ప్రతిదినం ఊడ్చిన వాకిలి నునుపు నిలుపుకోవడానికి కారణం ఇదే. శాస్త్ర పరిభాష తెలియకపోయినా వాకిలి ఊడ్చిన తల్లులు పాటించినది ఈ సూత్రాన్నే. ఊడ్చిన తరువాత వారానికి ఒకసారి కొద్దిగా సబ్బు కలిపిన నీటితో, కొబ్బరిపీచుతోనో మెత్తని కుంచెతోనో రుద్ది, మంచినీటితో కడిగితే చాలు. ఇనుప తీగల బ్రష్షు వాడరాదు. దాని నుంచి రాలిన ఇనుప తునకలు సందులలో చిక్కుకొని, తుప్పుపట్టి, ఎర్రని మరకలు పెడతాయి.

వానకాలంలో బండల మీద పట్టే పాచి అందానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. ముసలివారు పాచి మీద కాలుజారి పడి తుంటి ఎముక విరిగితే ఆ తరువాత లేచి తిరగడం కష్టమవుతుంది. అందుచేత పాచిని చూసీ చూడనట్లు వదలరాదు. ముందుగా చెక్కపలకతో దానిని గీకివేయాలి. పది లీటర్ల నీటిలో రెండు మూడు పెద్ద చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీటిని బండల మీద చల్లి, పదిహేను నిమిషాల తరువాత రుద్ది కడగాలి. మొదట ఒక మూల పరీక్షించి చూసుకోవడం వివేకం. అయితే పాచి ఎందుకు పట్టిందో గ్రహించకుండా ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం లేదు. నీరు నిలిచే చోట, ఎండ తగలని చోట పాచి మళ్లీ వస్తుంది. అడ్డుగా పెరిగిన కొమ్మలను కత్తిరించి, నీరు పారే దారిని సరిచేయడమే దానికి శాశ్వతమైన మందు.

బ్లీచింగ్ పౌడర్‌ను, ఆసిడ్‌ను ఎన్నడూ కలపరాదు. ఒకదాని తరువాత ఒకటి వెంటవెంటనే వాడటం కూడా ప్రమాదమే. ఆ రెండూ కలిసిన చోట క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం శత్రుసైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. రెట్టింపు శుభ్రత కోసం రెండు మందులు కలిపేవారు తెలియకుండానే ఆ విషాన్ని తమ పెరటిలో తయారుచేస్తున్నారు.

ఇటుక పరచిన నేలకు మరొక బాధ ఉన్నది. ఇటుక నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. సాధారణ తరగతి ఇటుకను ఒక రోజంతా నీటిలో ఉంచినప్పుడు అది తన బరువులో ఐదోవంతుకు మించి నీరు పీల్చరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నేలలోని లవణాలను కరిగించుకొని ఆ నీరు ఇటుకలోకి ఎక్కుతుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, లవణం మిగిలిపోతుంది. ఇటుక మీద తెల్లని పొడివలె కనిపించేది అదే. లోపలి రంధ్రాలలో గడ్డకట్టిన లవణ స్ఫటికాలు ఇటుకను పొరలు పొరలుగా రాల్చివేస్తాయి. సింధులోయ నాగరికతకు చెందిన మొహెంజోదారో శిథిలాలను నేటికీ పీడిస్తున్న వ్యాధి ఇదే. ఇటువంటి తెల్లపొడి కనిపించగానే నీళ్లు పోయడం సరికాదు. నీటిలో కరిగిన లవణం మళ్లీ ఇటుకలోకే ఇంకుతుంది. పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి, దూరంగా పారవేయాలి. ఆపైన ఆ తేమ ఎక్కడి నుంచి వస్తున్నదో వెదకాలి.

విచారించి చూస్తే ఇటుకకైనా రాతికైనా అసలు శత్రువు నిలిచిన నీరు. ఆ సంగతి ప్రాచీనులకు బాగా తెలుసు. సుమారు 4500 సంవత్సరాల కిందట మొహెంజోదారోలో మహాస్నానవాటికను కట్టినవారు ఇటుకలను సందు లేకుండా పేర్చి, జిప్సం అడుసుతో అతికి, నీరు ఊరకుండా తారువంటి పదార్థాన్ని పూశారు. వాడిన నీరు పోవడానికి కాలువ ఏర్పరచారు. నేటి ముంగిలికి కూడా పది అడుగుల దూరానికి సుమారు ఒకటిన్నర అంగుళాల వాలు ఉండాలి. ఆ వాలు ఇంటి గోడ వైపు కాక వెలుపలి వైపునకు ఉండాలి. బండ కింద ఇసుకను సమంగా పరచి గట్టిపరచాలి. అది బండ బరువును అన్ని వైపులా సమంగా పంచుతుంది. కాకతీయుల కాలంలో కట్టిన రామప్ప దేవాలయపు పునాదిలో ఇసుకను ఉపయోగించిన తీరు ప్రసిద్ధమైనది. 2021లో యునెస్కో ఆ దేవాలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బండల నడుమ సందులను సంవత్సరానికి రెండుసార్లయినా పరిశీలించాలి. మృగశిర కార్తెలో తొలకరి పడకముందు ఒకసారి, వానలు వెనుదిరిగిన తరువాత మరొకసారి చూడటం మేలు. సందులో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా తీయాలి. రావి మొక్క రెండాకులతో ఉన్నప్పుడు చేతితో పీకవచ్చు. చెట్టయిన తరువాత దాని వేరు బండనే పైకి లేపుతుంది. పాత ఇళ్లలో సందులు గానుగ సున్నంతో పూడ్చి ఉంటాయి. అవి రాలిన చోట సిమెంటు పెట్టడం పరిపాటి అయింది. సిమెంటు గట్టిదే, కాని తేమను బయటికి పోనీయదు. ఆ తేమంతా మెత్తని రాతి గుండానో ఇటుక గుండానో వెలువడవలసివచ్చి వాటిని పాడుచేస్తుంది. పాత కట్టడానికి పాత సున్నమే హితమైనది.

మరకల విషయంలోనూ తొందరపాటు పనికిరాదు. పసుపు మరక ఎండకు క్రమంగా వెలిసిపోతుంది. నూనె మరక మీద సుద్దపొడి చల్లి ఒక రాత్రి వదిలితే అది నూనెను పీల్చుకుంటుంది. ఆగ్రాలోని తాజ్‌మహల్ పాలరాయి పసుపుబారినప్పుడు పురావస్తు శాఖవారు వాడినది ఆసిడ్ కాదు. ముల్తానీ మట్టిని మెత్తగా పూసి, ఆరిన తరువాత కడిగారు. పాలరాయి కూడా సున్నపురాతి సంతతిదే. చక్రవర్తి కట్టించిన పాలరాతికి తగిన మెత్తని వైద్యం సామాన్యుని ఇంటి నాపరాతికీ తగినదే.

చివరగా తలచుకోవలసినది ఈ పని చేసే మనిషిని. చాలా ఇళ్లలో బండలు కడిగేది ఇంటి యజమాని కాదు, పనికి వచ్చిన స్త్రీ. ఆసిడ్ పొగ ఆమె ఊపిరితిత్తులలోకి పోతుంది, చుక్కలు ఆమె చేతుల మీద, పాదాల మీద పడతాయి. చేతితొడుగులు ఇవ్వకుండా, ప్రమాదం చెప్పకుండా ఆమె చేతికి సీసా అందించడం న్యాయం కాదు. రాతికి హాని చేసే వస్తువు మనిషికి అంతకంటె ఎక్కువ హాని చేస్తుంది. చీపురు, నీరు, కొంచెం ఓపిక ఉన్న ఇంట ఆ సీసాతో పని ఉండదు. ఎండావానలను తట్టుకొని రెండు మూడు తరాల పాదాలను మోయగల బండను తరువాతి తరానికి చెక్కుచెదరకుండా అప్పగించడానికి ఆ మూడే చాలు.

కఠిన పదాలు – అర్థాలు

ముంగిలి : ఇంటి ముందరి స్థలం, వాకిలి
లోగిలి : ఇల్లు, ఇంటి లోపలి ఆవరణ
కల్లాపి : వాకిట్లో చల్లే పేడనీరు
తూము : నీరు పోయే మార్గం
కాఠిన్యం : గట్టిదనం
క్షీణించు : తగ్గిపోవు, నశించు
పరిపాటి : వాడుక, అలవాటు
హితమైన : మేలు కలిగించే

వ్యాకరణాంశాలు

సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
నీరంతా = నీరు + అంతా – ఉత్వసంధి
తేమంతా = తేమ + అంతా – అత్వసంధి

సమాసాలు
ఎండావానలు = ఎండయును వానయును – ద్వంద్వ సమాసం
సుద్దపొడి = సుద్ద యొక్క పొడి – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నాపరాళ్లను ఆసిడ్‌తో కడగడం వలన కలిగే నష్టాలను వివరించండి.
2. ‘ఇటుకకైనా రాతికైనా అసలు శత్రువు నిలిచిన నీరు’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ప్రతిదినం ఊడ్చిన వాకిలి నునుపుగా ఉండటానికి కారణమేమి?
2. ఇటుక మీద తెల్లపొడి ఎలా ఏర్పడుతుంది? దానిని ఎలా తొలగించాలి?
3. పాత ఇళ్ల సందులను సిమెంటుతో ఎందుకు పూడ్చరాదు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నాపరాయిలో ప్రధానంగా ఉండే పదార్థం ఏది?
2. బ్లీచింగ్ పౌడర్, ఆసిడ్ కలిస్తే వెలువడే వాయువు ఏది?
3. తాజ్‌మహల్ పాలరాయిని శుభ్రపరచడానికి ఏమి వాడారు?
4. రామప్ప దేవాలయం ఏ సంవత్సరంలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది?