క్యాసెట్టు పాటను కంప్యూటర్లోకి ఎక్కించడం ఎలా?

మన ఇళ్ళల్లో అటక మీదో, ట్రంకు పెట్టెలోనో పాత క్యాసెట్లు ఇంకా కొన్ని ఉంటాయి. వాటిలో సినిమా పాటలు పోతే పోనీ, మళ్ళీ దొరుకుతాయి. కానీ పెళ్ళిలోనో పండగలోనో మన పెద్దవాళ్ళు పాడుతుంటే ఎవరో టేపురికార్డర్‌లో పట్టిన పాటకి లోకం మొత్తంలో అదొక్కటే ప్రతి. సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద పాడి, 2022లో పద్మశ్రీ పొందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు 2024లో కన్నుమూశారు. గొంతు వెళ్ళిపోయాక మిగిలేది రికార్డే. అందుకే ఈ పాఠం.

క్యాసెట్టు ఎందుకు పాడవుతుంది?

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. లోపల సన్నని ప్లాస్టిక్ రిబ్బను, దాని మీద అయస్కాంత గుణం ఉన్న పొడి పూత. ఆ పూతలోనే పాట ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పూత రాలుతుంది, తేమకి బూజు పడుతుంది. స్పీకర్ లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి దాని మీద క్యాసెట్లు పెట్టకండి.

కంప్యూటర్ పాటను ఎలా దాస్తుంది?

కంప్యూటర్‌కి అంకెలే తెలుసు. శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసుకుంటుంది. అన్నిసార్లు ఎందుకు? మనిషి చెవి సెకనుకి సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. అది సరిగా పట్టాలంటే రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. 1982లో వచ్చిన సీడీది కూడా ఇదే లెక్క. ఒక్కో కొలతకి 2 బైట్లు, కుడి ఎడమ కలిపి 2 ఛానళ్ళు.

44,100 × 2 × 2 = సెకనుకి 1,76,400 బైట్లు.

అంటే నిమిషానికి సుమారు 10 ఎంబీ. 60 నిమిషాల క్యాసెట్టుకి 600 ఎంబీ పైమాటే.

సీడీలో ముందే అంకెలు ఉంటాయి కాబట్టి కంప్యూటర్ గబగబా చదివి ఫైలు చేసేస్తుంది. దీన్నే 'రిప్' చెయ్యడం అంటారు. క్యాసెట్టుకి అలా కుదరదు. గంట పాటకి గంటా కూర్చోవాల్సిందే.

చేసే పద్ధతి

1. క్యాసెట్టు అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులూ విరిచెయ్యండి. ఇక పొరపాటున దాని మీద వేరే పాట రికార్డు కాదు.
2. రిబ్బను వదులుగా ఉంటే పెన్సిల్ పెట్టి తిప్పి బిగించండి. టేపురికార్డర్ హెడ్డును స్పిరిట్ దూదితో తుడవండి.
3. టేపురికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి వైరు కలపండి. లైన్-ఇన్ లేకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి.
4. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో రికార్డు నొక్కండి. శబ్దం మీటరు చివరిదాకా పోతే పాట పగులుతుంది, తర్వాత బాగుచెయ్యలేం. కాబట్టి వాల్యూం కాస్త తక్కువే ఉంచండి.
5. అసలు ప్రతిని ఫ్లాక్ రూపంలో దాచండి. అది చోటు తగ్గిస్తుంది కానీ ఒక్క అంకె కూడా పారెయ్యదు. ఫోన్లో వినడానికి వేరేగా ఎంపీ3 చేసుకోండి. ఎంపీ3 చెవికి అంతగా తెలియని వివరాల్ని తీసేసి చిన్నదవుతుంది. తీసేసినవి మళ్ళీ రావు.

పేరు లేని పాట అనాథ

'ట్రాక్ 1' అని వదిలేస్తే పదేళ్ళ తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఊరికొక ఫోల్డరు, అందులో క్యాసెట్టుకొక ఫోల్డరు పెట్టండి. ఫైలుకి 01, 02 అని ముందు సున్నాతో నంబరు వెయ్యండి. లేకపోతే కొన్ని యంత్రాల్లో 2 కన్నా ముందు 10 వస్తుంది. ట్యాగులో పాడినవారి పేరు, ఊరు, భాష, ఏ సందర్భం, ఏ సంవత్సరం అన్నీ రాయండి. మన భాష మాటల్ని తెలుగు లిపిలో రాసినా సరే.

రెండు ప్రతులు రెండు చోట్ల ఉంచండి. ఇంకో ముఖ్యమైన మాట: కొన్ని పాటలు పూజలో మాత్రమే పాడేవి. అందరికీ వినిపించే ముందు పెద్దల్ని అడగాలి.

ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పెట్టె తెరిచి చూడండి. క్యాసెట్టు దొరికితే మొదట అమ్మమ్మనో తాతనో కూర్చోబెట్టి, ఎవరు పాడారో అడిగి రాసుకోండి. యంత్రం తర్వాత దొరుకుతుంది, చెప్పేవాళ్ళు దొరకరు.

లెక్క చెయ్యండి: 90 నిమిషాల క్యాసెట్లు 16 జీబీ పెన్ డ్రైవులో సుమారు ఎన్ని పడతాయి? జవాబు ఈ కాగితం కింద రాయండి.